సేనాపతి ఎడం చంక

మా పక్క ఫ్లాట్‌లో ఒక కంప్యూటరు ఉద్యోగం కుర్రాడున్నాడు. ఆదివారం వచ్చిందంటే బాల్కనీలో బల్ల వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని, బొటనవేలంత సైనికుడికి రంగులు వేస్తూ కూర్చుంటాడు. మామూలు సైనికుడు కాదు, ఇంకో వెయ్యేళ్ళ తర్వాత ఏదో గ్రహం మీద యుద్ధం చేయబోయే సైనికుడు. పెట్టెల్లో ముక్కలుగా వస్తాయట. అతికించి, రంగులేసి, బల్ల మీద బారులు తీర్చి, పాచికలు వేసి ఆడతారట. "మీ రోజుల్లో ఇలాంటివి ఉండేవి కావు కదా అంకుల్" అన్నాడు ఓసారి, నామీద జాలి పడుతూ. అతనికేం తెలుసు! ఆ రోజుల్లో, అంటే మనిషి చంద్రుడి మీద కాలు మోపాడని రేడియో చెప్పిన కొత్తలో, చోడవరంలో మా ఇంటి వసారాలో ఏడాది పాటు గ్రహాంతర యుద్ధం నడిచింది. ఆ యుద్ధాన్ని కనిపెట్టినవాణ్ణి నేను. ఒక్క ఆట కూడా ఓడిపోనివాణ్ణి నేను. అయినా అది గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో మండుతుంది. (డాక్టరు ఆ మంటకు గ్యాస్ అని పేరు పెట్టి మాత్రలిచ్చాడు. ఆయనకీ తెలియదు.)

చంద్రుడి మీద దిగిన మనిషి ఫోటో మా ఇంటికొచ్చే పేపర్లో పడ్డప్పుడు నాకు పన్నెండేళ్ళు. నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. చదివిన పేపరును మడత నలగకుండా అటక మీద దాచడం ఆయన అలవాటు. ఆ ఒక్క పేపరును నేనెన్నిసార్లు దొంగతనంగా దించి చూశానో లెక్కలేదు. చూసి చూసి ఊరుకోలేక చెరువుమట్టి తెచ్చి చంద్రసైనికుల్ని చేశాను. వాళ్ళకి శత్రువులుండాలి కాబట్టి కుజసైనికుల్ని చేశాను. తలా పన్నెండుమంది, ఒక్కో సేనాపతి. వసారాలో ఒక కాలు పొట్టిగా ఉన్న పాత బల్ల ఉండేది. దానిమీద సుద్దతో గళ్ళు గీసి, పెంకుముక్కలు కొండలుగా పెట్టి, ఆరు గవ్వలతో ఆట కట్టాను. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అన్ని గళ్ళు నడవాలి. ఇద్దరు సైనికులు ఎదురుపడితే ఇద్దరూ గవ్వలు వెయ్యాలి, తక్కువ పడ్డవాడు చచ్చినట్టు. ఇవన్నీ ఒక పొడుగు నోటుపుస్తకంలో రూల్సుగా రాశాను. మొత్తం నలభై ఒకటి. ఏడో రూలు: ఆట కొత్తగా నేర్చుకునేవాడు మొదట గవ్వలు వెయ్యాలి. ఎనిమిదో రూలు: మొదట వేసినవాడి పందెంలో ఒక గవ్వ తగ్గించాలి. ముప్ఫయ్యో రూలు: సందేహం వచ్చినప్పుడు రూల్సు రాసినవాడి మాటే చెల్లుతుంది. ఇలాంటి రాజ్యాంగం కింద నేను ఓడిపోవడం ఎలా సాధ్యమో మీరే చెప్పండి.

ఆ మరుసటి ఏడు బళ్ళు తెరిచే రోజుల్లో మా బావ దిగాడు. బావంటే మేనత్త కొడుకు, నాకన్నా నాలుగు నెలలు పెద్ద. వాళ్ళది రావికమతం దగ్గర పల్లె, చెరుకు సాగు. అక్కడుంటే వీడు పుస్తకం ముట్టకుండా గానుగ చుట్టూ తిరుగుతున్నాడని, మా మేనత్త ఒక రేకుపెట్టె, ఒక బెల్లం దిమ్మ, బావ, మూడింటినీ తెచ్చి మా వసారాలో దింపింది. "తమ్ముడూ, ఈ గుంటణ్ణి ఎలాగైనా ఎస్సెల్సీ గట్టెక్కించీ" అని నాన్నకి అప్పజెప్పి సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. బావ నూనె రాసిన జుట్టుతో, మోకాళ్ళు దాటిన నిక్కరుతో నిలబడి, బల్ల మీది నా సైన్యాల వంక నోరు తెరుచుకుని చూశాడు. నాకు మహా ఆనందమైంది. ఇన్నాళ్ళకి నా గొప్ప తెలిసే మనిషి దొరికాడనుకున్నాను.

"ఇయ్యేటి బావా?" అన్నాడు.

"చంద్రమండలం సైనికులు. అక్కడ గాలి ఉండదు. అందుకే తలకి గాజు టోపీ, ఒళ్ళంతా రబ్బరు తొడుగు."

"గాలి నేపోతే ఊపిరెలగ పీలుస్తారు?"

"వీపు మీద సిలిండరు ఉంటుంది. దాంట్లోంచి గొట్టం."

"ఓహో, మా సేలో మందుకొట్టే పంపులాగా?" అన్నాడు బావ. నేను పగలబడి నవ్వాను. పల్లెటూరివాడి బుర్ర అంతకన్నా ఎక్కడికి పోతుందనుకున్నాను. (ఆ నవ్వు నవ్వినందుకు తర్వాత చాలా ఏడవాల్సి వచ్చింది.) పైగా పెద్దమనసు చేసుకుని, "కుజసైన్యం నువ్వు తీసుకో. కావాలంటే నీ సైనికుల్ని నువ్వే చేసుకో" అని వరమిచ్చాను. శివుడు భస్మాసురుడికిచ్చినట్టు.

నాలుగు రోజుల తర్వాత బావ తన పన్నెండుమందిని బల్ల మీద పెట్టాడు. ఏం చెప్పను! వాడికి కుజుడికీ మంగళవారానికీ సంబంధం ఉందని కూడా తెలియదు. కానీ వాడి సైనికులు బతికున్నారు. ఒకడు బరువు ఒక కాలి మీద మోపి నిలబడ్డాడు. ఒకడు వంగి బూటు సర్దుకుంటున్నాడు. వీపు మీద అచ్చం పురుగుమందు పంపే, దాని గొట్టం చంక కింద నుంచి ముందుకొచ్చి చేతిలో తుపాకీ అయింది. కాళ్ళకి బూట్లు బెల్లం వండేవాళ్ళు వేడి తగలకుండా చుట్టుకునే గోనెపట్టాల్లా ఉన్నాయి, టోపీ బోర్లించిన చెంబులా ఉంది. అన్నీ కలిపి చూస్తే పేపర్లో ఫోటో కన్నా నిజంగా ఉన్నాయి. అన్నిటికన్నా ఘోరం, అవి మెరుస్తున్నాయి. వాడి దగ్గర ఉన్న రంగులు ఎర్రమట్టి, సుద్ద, దీపం మసి, అంతే. కుంచె అంటే చీపురుపుల్లకి కట్టిన మేక వెంట్రుకలు. నా దగ్గర దుకాణంలో కొన్న పన్నెండు రంగుల బిళ్ళల పెట్టె ఉంది. అయినా నా సైనికులు సున్నం కొట్టిన గోడల్లా పాలిపోయి ఉంటే, వాడివి నూనె రాసిన నల్లరాతి విగ్రహంలా నిగనిగలాడుతున్నాయి.

నాయనమ్మ మడిబట్ట ఆరేయడానికి వసారాలోకి వచ్చి ఆగింది. ముందు నా సైన్యాన్ని చూసింది. "ఇయ్యేట్రా, రోకళ్ళా?" అంది. తర్వాత బావవి చూసి, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. "ఒసే నా తల్లే! ఈ గుంటడి సేతిలో ఏటుందే! ఈడికి ఆకలేస్తందేమోనే పాపం, ముఖం సూడు!" అని ఆ మట్టి సైనికుడి గడ్డం పట్టుకుంది. నా పదమూడేళ్ళలో ఆవిడ నా గడ్డం అలా పట్టుకున్న గుర్తు లేదు.

ఆ రోజు ఆటలో బావ చిత్తుగా ఓడిపోయాడు. ఏడో రూలు, ఎనిమిదో రూలు, చివర్లో అవసరం లేకపోయినా ముప్ఫయ్యో రూలు కూడా ప్రయోగించాను. వాడు ఓడినందుకు ఏమాత్రం బాధపడలేదు. "బలేగుంది బావా ఆట, మళ్ళీ ఆడదామా?" అన్నాడు. రోజూ ఆడాం, రోజూ వాడే ఓడాడు. రోజూ వీధిలో పిల్లలు, వచ్చేపోయే పెద్దలు బల్ల చుట్టూ మూగేవారు. నెగ్గిన నా సైన్యాన్ని చూసినవాడు లేడు. చచ్చి పక్కన పడుకున్న బావ సైనికుల్ని మాత్రం చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసేవాళ్ళు. అది చూసి నేను కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాణ్ణి. అన్నం సహించేది కాదు. ఎవరైనా ఒక సైనికుణ్ణి కింద పడేసి విరగ్గొడితే బాగుండునని మొక్కుకున్న రోజులున్నాయి.

ఇదంతా ఒక ఎత్తు, నాన్న ఒక ఎత్తు. ఆయన మాటలు తక్కువ మనిషి. మెచ్చుకోవడమంటే ఆయన దృష్టిలో ఆఫీసు ఫైల్లో అబద్ధం రాయడంతో సమానం. ఒక సాయంత్రం బావ తన సేనాపతిని నాయనమ్మ నీళ్ళపొయ్యి నిప్పుల్లో కాల్చి తీసి ఆరబెట్టాడు. బెత్తెడు పొడవు, కుడిచెయ్యి నడుము మీద, ఎడంచేతి కింద నుంచి గొట్టం, తల కొంచెం పైకెత్తి ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆఫీసు నుంచి వచ్చిన నాన్న చెప్పులు విడవడం మర్చిపోయి దాన్ని చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు చూశారు. "ఏటిరా, ఈడు ఇంటి బెంగ పెట్టుకున్నాడా?" అన్నారు. బావ తల వంచుకుని, "అవును మావయ్యా. ఆడి ఊరు కనపడతాదేమోనని సూస్తన్నాడు" అన్నాడు. నాన్న సేనాపతిని తీసుకెళ్ళి తన రాతబల్ల మీద, ఫైళ్ళు ఎగరకుండా పెట్టుకునే రాయి తీసేసి, ఆ స్థానంలో పెట్టారు. నేను గీసిన బొమ్మ గానీ, రాసిన పద్యం గానీ, మొదటి మార్కు వచ్చిన లెక్కల పేపరు గానీ ఆ బల్ల ఎక్కలేదు. ఆ రాత్రి నాకు జ్వరం వచ్చింది. నిజంగానే వచ్చింది, నాయనమ్మ కషాయం కాచింది.

దసరా సెలవులు అయ్యాక మా బళ్ళో ఇన్‌స్పెక్షన్ అన్నారు. మా డ్రాయింగు మేష్టారు ఎప్పుడూ చొక్కా జేబు నిండా సుద్దముక్కలతో తిరిగే మనిషి. ఆయన మా ఇంటి వైపు వచ్చి, బల్ల చూసి, మర్నాడు క్లాసులో ప్రకటించేశారు. "ఒరే బావామరుదులూ, ఇన్‌స్పెక్టరుగారొచ్చినప్పుడు మీ ఇద్దరి సైన్యాలూ తెండి. హెడ్మాస్టరుగారి గదిలో అద్దాల బీరువా ఉంది కదా, అందులో గ్లోబు పక్కన ఒక అర ఖాళీ ఉంది. ఇన్‌స్పెక్టరుగారు ఏది బాగుందంటే అది అందులో పెడతాం. ఒక్కటే అర, ఒక్కటే సైన్యం, తెలిసిందా?" అద్దాల బీరువా అంటే మాటలా! జిల్లా ఆటల్లో నెగ్గిన కప్పులూ, మహనీయుల పటాలూ ఉండే చోటు. అది బావకి దక్కితే నేనిక చోడవరంలో తలెత్తుకు తిరగలేనని నిశ్చయించుకున్నాను. దానికి వారం రోజుల గడువుంది. నాకు కావలసింది ఒక్కటే, ఆ మెరుపు రహస్యం.

అడిగితే చెప్పేవాడే. కానీ అడగడమెలా? ఆట కనిపెట్టినవాణ్ణి, రూల్సు రాసినవాణ్ణి, పల్లెటూరి బావని పట్టుకుని "ఎలా చేశావు?" అంటే నా పరువేం కావాలి? అందుకని పరిశోధన మొదలెట్టాను. బావ బడి నుంచి రాగానే పెరట్లో నూతి గట్టుకి అవతల, మాకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఎడంచేతిలో సైనికుడు, కుడిచేతి గుప్పిట్లో ఏదో. ఆ చెయ్యి ఆగకుండా ఆడుతూ ఉండేది. నేను దగ్గరికి వెళితే గుప్పిట జేబులోకి పోయేది. మధ్య మధ్య నోట్లో ఏదో వేసుకునేవాడు. వాడి చుట్టూ ఎప్పుడూ బెల్లం వాసన. ఒకరోజు వాడు నీళ్ళు తోడుతుండగా రేకుపెట్టె తెరిచాను. మేనత్త వాడికిచ్చి పంపిన కొబ్బరిచిప్ప దొరికింది. దాన్నిండా చిక్కటి బెల్లప్పాకం, గోధుమరంగులో తళతళ మెరుస్తోంది. ఇంకా రుజువు కావాలి కదా! బావ సైనికుణ్ణొకణ్ణి తీసి నాలిక చివరతో తాకించాను. తియ్యగా ఉంది! (శాస్త్రజ్ఞులెవరైనా నవ్వితే నవ్వండి. పాకం నాకిన వేళ్ళతో పట్టుకుంటే ఇనపగుండు కూడా తియ్యగానే ఉంటుందన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు. ఈర్ష్య పట్టినవాడికి కావలసింది రుజువే గానీ నిజం కాదు.)

ఇన్‌స్పెక్షన్ ముందురోజు మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుండగా వంటింట్లో దూరాను. మేనత్త ఇచ్చిన బెల్లం దిమ్మలోంచి ముప్పాతిక వంతు కొట్టి, నీళ్ళు పోసి, తీగపాకం పట్టాను. పొంగి పొయ్యిలో పడింది, చెయ్యి కాలింది, చొక్కాకి అంటింది. అయినా పట్టు వదలకుండా నా పన్నెండుమందికీ సేనాపతికీ రెండేసి పూతలు పూసి, పెరట్లో ఎండలో నిలబెట్టి, మీద ఈగ వాలకుండా విసనకర్రతో కాపలా కాశాను. సాయంత్రానికి ఆరాయి. అబ్బ! అద్దంలా మెరిశాయి. బావవాటి కన్నా పదింతలు మెరిశాయి. బావ వచ్చి చూసి, "బావా! ఇదెలగ సేసేవు?" అన్నాడు కళ్ళు పెద్దవి చేసి. నేను జేబులో చేతులు పెట్టుకుని, "అదంతే, కొన్ని విద్యలు పట్నంవాళ్ళకే వస్తాయి" అన్నాను. బావ ఒంగి దగ్గరగా చూశాడు, ఒక్క క్షణం ముక్కెగబీల్చాడు. ఏదో అనబోయి ఊరుకున్నాడు. వంటింట్లో నాయనమ్మ, "ఎలకలు పడిపోనూ, బెల్లమంతా తినీసినాయే!" అని శాపనార్థాలు పెడుతోంది. జీవితంలో అంత సుఖంగా నేనెప్పుడూ నిద్రపోలేదు.

మర్నాడు పొద్దున్నే బడి వరండాలో రెండు బల్లలు పక్కపక్కనే వేసి సైన్యాలు మోహరించాం. పిల్లలందరూ నా బల్ల దగ్గరే మూగారు. డ్రాయింగు మేష్టారు కూడా నా భుజం తట్టి, "భేష్, వార్నీషేశావా?" అన్నారు. బావ తన బల్ల దగ్గర ఒంటరిగా నిలబడ్డాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు తొమ్మిదింటికి వస్తారన్నవారు పదకొండయినా రాలేదు. ఆకాశం ముసురు పట్టి గాలి ఆడటం లేదు, ఒకటే ఉక్క. ముందు నా సేనాపతికి ముచ్చెమటలు పోశాయి. తర్వాత సైన్యమంతటికీ పోశాయి. పాకం కరిగి కిందికి దిగుతోంది, పాకంతోపాటు నా పన్నెండు రంగులూ దిగుతున్నాయి. ఒకడి కళ్ళు గడ్డం దగ్గరికొచ్చాయి, ఒకడి నోరు పొట్టమీదికి జారింది. అంతలో వైమానిక దళం వచ్చింది, ఈగలు. తర్వాత వరండా గోడ బీటలోంచి ఒక నల్లచీమ తల బయటపెట్టింది. అటూ ఇటూ చూసి వెనక్కి వెళ్ళింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అది వెళ్ళింది కబురు చెప్పడానికని నాకేం తెలుసు! పది నిమిషాల్లో గోడ మీంచి బల్లకాలి దాకా ఒకటే బారు. చూస్తుండగానే నా చంద్రసేన అంతా నల్లగా అయిపోయింది. ఊదుతున్నాను, దులుపుతున్నాను, వేళ్ళకి బొమ్మలు అంటుకుంటున్నాయి, చీమలు మోచేతుల దాకా ఎక్కి కుడుతున్నాయి. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర జీపు ఆగింది.

ఇన్‌స్పెక్టరుగారు లావుపాటి కళ్ళద్దాల మనిషి. హెడ్మాస్టరుగారు, డ్రాయింగు మేష్టారు వెంట రాగా నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చారు. ఒంగి చూసి, అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసి, "ఏమిటయ్యా ఇది, బొమ్మలు కదులుతున్నాయి! లోపల కీలేమైనా పెట్టావా?" అన్నారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. (నన్ను కుట్టింది చీమలే అయినా.) వెనకనుంచి పిల్లల కిసకిసలు. మేష్టారి ముఖం ఆయన జేబులో సుద్దముక్కలా ఉంది. కళ్ళనీళ్ళు కిందికి జారబోతున్నాయి. అప్పుడు వినిపించింది బావ గొంతు.

"అది యుద్ధమండీ. చంద్రమండలమోళ్ళ మీదికి కుజుడి మీదున్న పురుగులు దండెత్తీసినాయండి. మా బావే కనిపెట్టేడండి. నిజం సీమల్ని రప్పించేడు, సూడండి!"

ఇన్‌స్పెక్టరుగారు బావ వంక చూశారు, నా వంక చూశారు. "ఈ ఊహ నీదేనా?" అన్నారు. నేను తలూపాను. అవునన్నట్టో కాదన్నట్టో నాకే తెలియదు. బావ అంతటితో ఆగలేదు. నా సంచిలోంచి పొడుగు నోటుపుస్తకం లాగి ఆయన చేతిలో పెట్టాడు. "నలభై ఒక్క రూల్సు రాసేడండి. నేను సేసినయ్యి ఉత్త బొమ్మలండి, ఆట ఈడిది." ఆయన అక్కడే నిలబడి చదివారు. ముప్ఫయ్యో రూలు దగ్గర ఆగి, పొట్ట పట్టుకుని నవ్వారు. "సందేహం వస్తే రాసినవాడి మాటే చెల్లుతుందా! ఒరే, నువ్వు గవర్నమెంటు ఉద్యోగానికే పుట్టావురా!" అన్నారు. (ఆయన వాక్కు ఫలించి ముప్ఫయ్యారేళ్ళు అదే ఉద్యోగం చేసి రిటైరయ్యాను.) పోతూ పోతూ, "ఈ కుర్రవాడి సైన్యం బీరువాలో పెట్టండి" అని నన్ను చూపించారు. బావ బల్ల దగ్గర ఆయన అర నిమిషం కూడా ఆగలేదు.

అలా నేను నెగ్గాను. చీమలతో సహా నా సైన్యం అద్దాల బీరువా ఎక్కింది. మూడు రోజులకి చీమలు కూడా అక్కడ స్థిరనివాసం ఏర్పరచుకున్నాయి. గ్లోబుకి మైదాపిండితో అతికించిన కాగితం తినడం మొదలుపెట్టి, ఒక మహాసముద్రం చాలావరకు పూర్తి చేశాయి. హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి, తడిగుడ్డ చేతికిచ్చి, బీరువా మొత్తం కడగమన్నారు. ఎవరూ చెప్పకుండానే బావ ఒక బకెట్టు నీళ్ళతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం కప్పులు తుడుస్తున్నాం. నేను ఉండబట్టలేక, "నీ బొమ్మలు బీరువాలో పెట్టేవారు కదా, ఎందుకలా చెప్పావు?" అన్నాను, కోపంగానే.

"నీ ఆట నేపోతే నా బొమ్మలెందుకు బావా? ఆటిని సూసి ఊరుకోవాలి" అన్నాడు. తర్వాత జేబులోంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టాడు. గచ్చకాయ. నేలకి రాసి వేడెక్కించి, పక్కవాడి తొడమీద వాత పెట్టి పారిపోవడానికి మేమంతా వాడుకునే మామూలు గచ్చకాయ. "మట్టి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే రంగేసీయాలి. ఆ రంగు మీద దీంతో రుద్దాలి. సెయ్యి నొప్పెట్టేదాకా రుద్దాలి. అంతే. అడిగితే సెప్పీసుందును కదా బావా, నువ్వడగనేదు."

ఇక్కడ నేను వాణ్ణి కౌగలించుకున్నానని రాస్తే బాగుండేది. నిజం చెప్పాలంటే నా ఒళ్ళు ఇంకా భగ్గుమంది. బొమ్మలు చెయ్యడంలో మించాడు, సరే. మంచితనంలో కూడా మించిపోతే నాకిక మిగిలేదేమిటి? ఆ మర్నాడు బీరువాలో బావ సైనికులు పన్నెండుమందీ బారులు తీరారు. ఆ సాయంత్రమే నాన్న రాతబల్ల మీది సేనాపతి మాయమయ్యాడు. నాన్న ఫైళ్ళ కింద వెతికారు, నాయనమ్మ మంచాల కింద వెతికింది, నేను అందరికన్నా శ్రద్ధగా వెతికాను. వాడు నా పాత చొక్కాలో చుట్టి, పరుపు దూదిలో పడుకుని ఉన్నాడు. నాన్న రెండు రోజులు చూసి, మళ్ళీ పాత రాయినే బల్లమీద పెట్టుకున్నారు. "ఇంకోటి సేసిస్తాను మావయ్యా" అన్నాడు బావ. "వద్దులేరా, ఆడు ఆడి ఊరెళ్ళిపోయుంటాడు" అన్నారు నాన్న. ఆయన అంత పొడుగు వాక్యం మాట్లాడటం అరుదు. ఎవరి ముఖమూ చూడకుండా నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. తిరిగి పెట్టేద్దామని చాలాసార్లు అనుకున్నాను. రోజు గడిచేకొద్దీ పెట్టడం కష్టమైంది, ఏళ్ళు గడిచాక ఎవరికి పెట్టాలో తెలియలేదు.

బావ ఎస్సెల్సీ గట్టెక్కి, మళ్ళీ తన గానుగ దగ్గరికే హాయిగా వెళ్ళిపోయాడు. సేనాపతి మాత్రం నాతో ట్రాన్స్‌ఫర్లన్నీ తిరిగి, ఇప్పుడు విశాఖపట్నంలో మా హాల్లో అద్దాల షోకేసులో ఉన్నాడు. అడిగినవాళ్ళకల్లా చిన్నప్పుడు నేనే చేశానని చెబుతూ వచ్చాను. చెప్పీ చెప్పీ అది నాకే నిజమైపోయింది. పోయిన నెల బావ కళ్ళ డాక్టరు కోసం వచ్చి మా ఇంట్లో దిగాడు. కాఫీ తాగుతుండగా పక్క ఫ్లాట్ కుర్రాడు ఏదో కాగితం మీద సంతకం కోసం వచ్చి, షోకేసు దగ్గర ఆగిపోయాడు. "అంకుల్, ఇదెవరు చేశారు? ఈ ఫినిషింగు మా రంగులతో కూడా రాదు!" అన్నాడు. అలవాటైన నోరు కదా, బావ ఎదురుగా కూర్చున్న సంగతి గుర్తొచ్చేలోపే, "నేనే, చిన్నప్పుడు" అనేసింది.

బావ లేచి, షోకేసు తలుపు తీసి, సేనాపతిని చేతిలోకి తీసుకున్నాడు. అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, కంటికి దగ్గరగా పెట్టుకుని, బొటనవేలితో మెల్లిగా తడిమాడు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషిని, బడి వరండాలో చీమల మధ్య నిలబడ్డట్టే నిలబడ్డాను. "బాగా సేసేవు బావా" అన్నాడు బావ. "ఎడం సంక కింద మాత్రం గచ్చకాయ తగల్నేదు. గొట్టం అడ్డొచ్చింది. అప్పుడే అనుకున్నాను." కుర్రాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. బావ సేనాపతిని ఉన్నచోటే పెట్టి, తలుపు వేసి, వచ్చి కూర్చున్నాడు.

నేను వాడు తన తోటనుంచి తెచ్చిన బెల్లం డబ్బా ముందుకు జరిపి, "పంచదార తక్కువైనట్టుంది, కాఫీలో కాస్త బెల్లం వెయ్యమంటావా?" అన్నాను.

"వద్దు బావా" అన్నాడు, కప్పులోంచి తల ఎత్తకుండానే. "సీమలొస్తాయి."

బావని బస్సెక్కించి ఇంటికొచ్చాక షోకేసు తీశాను. మళ్ళీసారి వాడు వచ్చి వెళ్ళేటప్పుడు సేనాపతిని సంచిలో పెట్టి పంపేద్దామని, అది న్యాయమని గట్టిగానే అనుకున్నాను. చేతిలోకి తీసుకుని చంక కింద చూశాను. నిజమే, అక్కడ గింజంత మేర మెరుపు లేదు. యాభై ఏళ్ళకు పైగా దాచుకున్నవాణ్ణి, నాకది కనపడలేదు. చేసినవాడికి కనపడింది. కడుపులో పాత మంట ఒకసారి చురుక్కుమంది. సేనాపతిని మళ్ళీ అక్కడే పెట్టాను, ఎడం చంక గోడవైపు ఉండేలా కొంచెం తిప్పి.